మామిడికాయ బ్యాంకుకు తలుపు లేని రోజు

పొద్దున్నే మోగే ఫోనంటే నాకు భయం. తెలియని నంబరైతే మరీ భయం. మొన్న అలాగే తెలియని నంబరు నుంచి మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. కాసేపటికి మా వీధికి పాలు పోసే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటి బాబాయ్, ఫోనెత్తవంట? మేనేజరు గారి కూతురు పొద్దుటి నుంచీ చేస్తానే ఉంది. ఆయన పోయారు."

తెలియని నంబరు ఎత్తితే ఉన్నదంతా ఊడ్చుకుపోతారని నాకు నూరిపోసిన మనిషి ఆ మేనేజరు గారే. ఆయన నేర్పిన జాగ్రత్త వల్లనే ఆయన చావు కబురు నాకు ఆలస్యంగా అందింది. ఈ సంగతి ఆయనతో చెప్పగలిగితే నొచ్చుకునేవారు కాదు. "మంచి పని చేశారండీ, ఎత్తకూడదు" అని మెచ్చుకునేవారు.

తిరువూరు మెయిన్ రోడ్డులో ఆయన బ్యాంకుకు సరిగ్గా ఎదురుగా నాది సైకిలు షాపు. బడికి వెళ్ళింది తక్కువ. పంక్చరు అతికించిన ట్యూబు ఆరేలోపు పొట్లాల కాగితాలు చదివి సంపాదించిన చదువు నాది. కాగితం ఎక్కడ చిరిగితే అక్కడితో ఆ కథ ఆగిపోయేది, తరువాతి ముక్కలో ఇంకో కథ ఉండేది. కాబట్టి నేను ఒక దారిన మొదలై ఇంకో దారిన పోతే పాఠకులు విసుక్కోవద్దు. చివరికి బ్యాంకు ముందుకే వస్తాను.

మా మేనేజరు గారంత భయస్థుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఇది నిందగా అనటం లేదు, ఆయన కొలువు అలాంటిది. ఉరుమంటే భయం. బల్లంటే భయం. శవమంటే మరీ భయం, శవం పోయే దారిలో పూలు తొక్కాల్సి వస్తుందని సందు చుట్టి వచ్చేవారు. ఆడిటువాళ్ళు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మజ్జిగన్నం తప్ప ముట్టేవారు కాదు. నా దగ్గరే సైకిలు కొన్నారు. కొన్ననాటి నుంచీ దాన్ని చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేవారు, నడిపించుకుంటూ వెళ్ళేవారు.

"ఎక్కరేంటి సార్?" అంటే, "లారీలు తిరిగే రోడ్డండీ. ఇలా అయితే నాకు అది తోడు, దానికి నేను తోడు" అనేవారు.

ఎక్కని సైకిలుకు ఏటేటా ఓవరాయిలింగు చేయించుకున్న మనిషి నా సర్వీసులో ఆయనొక్కరే. డబ్బు తీసుకోవటానికి నాకే మొహమాటంగా ఉండేది.

సాయంత్రం బ్యాంకు షట్టరుకు తాళం పడ్డాక ఆయన ఆ తాళాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడి చూసేవారు. వీధి మలుపు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి మళ్ళీ వేలాడేవారు. మా షాపులో కూర్చున్నవాళ్ళు నవ్వేవారు. ఒకసారి అడిగాను, ఎందుకు సార్ అంత భయమని. చొక్కా జేబు సర్దుకుని నెమ్మదిగా అన్నారు:

"భయపడేవాడి దగ్గరే డబ్బు దాచుకోవాలండీ, సైకిలు షాపు గారూ. ధైర్యవంతుడైతే ఖర్చుపెట్టేస్తాడు."

నన్ను 'గారూ' అన్న మొదటి మనిషి ఆయనే. టీ గ్లాసులు తెచ్చేవాణ్ణీ, తప్పతాగి బ్యాంకు మెట్ల మీద పడుకునేవాణ్ణీ కూడా గారూ అనే పిలిచేవారు. అది మర్యాదో భయమో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇప్పటి పిల్లలకు ఆ బ్యాంకు తెలియదు. పత్తి కమీషను వ్యాపారులు, మామిడితోటల ఆసాములు, చర్చి పాస్టరు గారు, కొందరు మేష్టర్లు కలిసి పెట్టుకున్న చిన్న సహకార బ్యాంకు అది. ఖాళీగా ఉన్న ఒక పత్తి గోడౌనులో బల్లలు వేసి మొదలుపెట్టారు. గోడౌను కాబట్టి చెక్క తలుపులు లేవు, రోడ్డు వైపంతా ఒకటే ఇనప షట్టరు. వానాకాలంలో గోడల్లోంచి పత్తిగింజల వాసన వచ్చేది. డబ్బు డ్రా చేసుకున్నవాళ్ళు నోట్లు వాసన చూసుకుని నవ్వుకునేవారు.

పాసుబుక్కు అట్ట మీద ఏ బొమ్మ వేయాలన్న దగ్గర పెద్ద తగాదా అయిందట. ఆసాములు లక్ష్మీదేవి అన్నారు. "మరి మా వాళ్ళో?" అన్నారు పాస్టరు గారు. పావురం వేద్దామంటే ఆసాములు మొహాలు చూసుకున్నారు. చివరికి టీలు తెచ్చినవాడు, "మామిడికాయ అందరూ తింటారు కదండీ" అన్నాడట. ఆ రోజు నుంచి అది మామిడికాయ బ్యాంకు. సంతకం రాని కూలీలు కూడా ఆ బొమ్మ చూసి పుస్తకాన్ని గుర్తుపట్టి, బియ్యం కుండలో భద్రంగా దాచుకునేవారు.

ఆ బొమ్మ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మేనేజరు గారు ఒక కథ చెప్పేవారు. ట్రైనింగులో ఇచ్చిన ఏదో పుస్తకంలో చదివారట.

"ఇంగ్లండు పక్కనే వేల్సు అని చిన్న దేశం ఉందండీ. అన్నీ కొండలూ గొర్రెలూ. అక్కడ ఒక పల్లెటూరి బ్యాంకు తన నోట్ల మీద గొర్రె బొమ్మలు వేసేదట. ఒక పౌను నోటు మీద ఒక గొర్రె. రెండు పౌన్లకు రెండు గొర్రెలు. అరపౌనుకు గొర్రెపిల్ల. చదువురాని కాపర్లు గొర్రెల్ని చూసి నోటు ఎంతదో తెలుసుకునేవారు."

"మనలాంటి వాళ్ళే సార్!"

"మనలాంటి వాళ్ళేనండీ." ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయేది. చుట్టూ చూసి, నాకు మాత్రమే వినిపించేలా, "చివరికి ఆ బ్యాంకు మునిగిపోయిందండీ" అనేవారు.

"ఆ గొర్రెల నోట్లేమయ్యాయి సార్?"

"పిల్లలు ఆడుకుని ఉంటారండీ."

ఎప్పుడో ఎక్కడో మునిగిన బ్యాంకు కోసం ఒక మనిషి మొహం అంతగా పాలిపోవటం నేను అక్కడే చూశాను. "బ్యాంకును ముంచేది దొంగ కాదండీ. గొర్రెదాటు. ఒకటి దూకిందని అన్నీ దూకటమే" అని లేచి, సైకిలును వెంటబెట్టుకుని వెళ్ళిపోయేవారు.

ఆయన అంతగా భయపడిన ఆ గొర్రెదాటు మా ఊరికి రానే వచ్చింది. అందులో చిత్రమేమిటంటే, దాన్ని పిలిచి కూర్చోబెట్టింది ఆయన భయమే.

ఆ రోజుల్లో వేరే ఊళ్ళో ఒక చిట్టీల కంపెనీ బోర్డు తిప్పేసింది. ఆ కబురు ఇంకా జనం నోళ్ళలో నానుతూనే ఉంది. అంతలో మా బ్యాంకు ప్రెసిడెంటు, పత్తి వ్యాపారి, పండు వయసులో కాలం చేశాడు. మా మెయిన్ రోడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. శవం వస్తోందని డప్పు వినబడగానే ప్రతి షాపువాడూ షట్టరు సగం దించుతాడు. శవం దాటగానే ఎత్తేస్తాడు. ఆ మాత్రం మర్యాదకు వ్యాపారం చెడేది లేదు, పోయినవాడికి గౌరవం మిగులుతుంది.

అందరం సగం దించాం. శవమంటే ప్రాణాలు పోయే మేనేజరు గారు మాత్రం, పైగా పోయింది తన ప్రెసిడెంటు కావటంతో, డప్పు దగ్గరపడేసరికి షట్టరు నేల దాకా దింపించి లోపల కూర్చుండిపోయారు. సరిగ్గా అప్పుడే ఎ.కొండూరు మీదుగా వెళ్ళే బస్సు ఆ ఊరేగింపు వెనక ఆగింది. కిటికీలోంచి ఒక తలకాయ బయటికి వచ్చింది.

"ఏమండీ, బ్యాంకు మూసేశారేంటి?" అని నన్నే అడిగాడు.

"ప్రెసిడెంటు పోయారండీ, అందుకనీ..."

నా మాట పూర్తికాలేదు, వెనక సీటు అందుకుంది. "ప్రెసిడెంటు పోతే బ్యాంకు మూయటమేంటి? అంటే మన డబ్బు పట్టుకునే పోయాడన్నమాట!"

"పాడె మీద డబ్బెక్కడ పెట్టుకుంటాడయ్యా?"

బస్సంతా నవ్వింది. నేను పరిగెత్తుకెళ్ళి సంగతి చెప్పేలోగా బస్సు కదిలింది. ఆ నవ్వు ఊరు దాటేదాకే ఉండి ఉంటుంది. బస్సు ఆగిన ప్రతి ఊళ్ళో ఆ మాట నవ్వు లేకుండా దిగింది.

మర్నాడు పొద్దున నేను షాపు తీసేసరికి బ్యాంకు ముందు జనం. ఎవరూ అరవటం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సంతలో జనం అరుస్తారు, తిరునాళ్ళలో అరుస్తారు. ఇక్కడ అందరూ మామిడికాయ పుస్తకాలు గుండెకు ఆనించుకుని ఆ షట్టరు వంకే చూస్తున్నారు. అందరికంటే ముందు మెట్టు మీద రెడ్డిగూడెం అక్క కూర్చుంది. తోటల్లో కాయలు ఏరి బుట్టలకెత్తే ఆడకూలీల ముఠాకు ఆవిడే పెద్ద. తాటాకు తీసేసి ఇంటికి శ్లాబు వేసుకోవాలని ఏళ్ళ తరబడి కూడబెట్టుకుంటోంది. తొలి బస్సుకే వచ్చేసింది.

నా డబ్బూ అందులోనే ఉంది. అద్దె షాపును సొంతం చేసుకోవాలని దాచింది. నా కాళ్ళు కూడా ఆ వరసలోకే లాగాయి. రెంచి చేతిలో పెట్టుకుని, ఎందుకు పట్టుకున్నానో తెలియకుండా నిలబడ్డాను.

మేనేజరు గారు సైకిలుతో సహా వచ్చి, జనాన్ని చూసి, సైకిలు వదిలేశారు. అది పడిపోయింది. ఆయన చూసుకోలేదు. షట్టరు ఎత్తించి లోపలికి వెళ్ళి, మా డబ్బు ఉంచే విజయవాడ పెద్ద బ్యాంకుకు ఫోను చేశారు. ఆయన చెమటకు రిసీవరు జారిపోతూ ఉండటం నాకు రోడ్డు మీదికి కనిపించింది. వాళ్ళు ఈ రోజు కుదరదన్నారు. రేపు పొద్దున వ్యానులో క్యాషు పంపుతామన్నారు. ఈ సంగతి నా చెవిలో చెప్పిన గుమాస్తా, "రేపటి దాకా నిలబడితే బతికాం బాబాయ్. మధ్యలో డబ్బు లేదని ఒక్కరికి చెప్పినా షట్టరు మూయాల్సిందే, మూస్తే మళ్ళీ తెరిచేది లేదు" అన్నాడు.

చెల్లింపులు మొదలయ్యాయి. రెడ్డిగూడెం అక్క తన డబ్బు మొత్తం తీసుకుంది. పాత చీర ముక్కలో మూట గట్టి, ఒళ్ళో పెట్టుకుని, వెళ్ళకుండా మళ్ళీ అదే మెట్టు మీద కూర్చుంది.

"తీసుకున్నావుగా అక్కా, ఇంటికి పోవచ్చుగా?" అన్నాను.

"ఎట్టా పోయేది తమ్ముడూ? బస్సులో అందరికీ తెలుసు నేను దేనికొచ్చానో. ప్రభువా, బ్యాంకులో ఉంటే బ్యాంకు భయం, ఒళ్ళో ఉంటే లోకం భయం."

ఎండ పెరిగింది, బస్సులు ఇంకా మనుషుల్ని దించుతూనే ఉన్నాయి. అప్పుడు లేచింది అసలు మాట, ఎవరి నోటి నుంచో. "మధ్యాహ్నం భోజనానికని షట్టరు దించుతారు చూడండి. ఇక ఎత్తరు." రోజూ ఆ వేళకు షట్టరు దించటం నిజమే. వరస కదిలింది. వెనకవాళ్ళు ముందువాళ్ళను నెట్టారు. ఒక ముసలాయన కళ్ళజోడు పడి నలిగింది. లోపల కౌంటరు చెక్క విరిగిన చప్పుడు విన్నాను. ఇంకాసేపట్లో మనుషులు ఒకరినొకరు తొక్కుకుంటారని నాకు తెలిసిపోయింది, ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

మేనేజరు గారు బయటికి వచ్చారు. పెదవులు తెల్లగా ఉన్నాయి. అందరినీ దాటుకుని రోడ్డుకు అడ్డంగా, అటూ ఇటూ చూడకుండా, లారీలు తిరిగే ఆ రోడ్డు మీదుగా నా షాపుకు వచ్చారు.

"సైకిలు షాపు గారూ, మీ దగ్గర రెంచీలు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. దేనికి?"

"ఆ షట్టరు ఊడదీయాలండీ."

నాకు అర్థం కాలేదు. "ఇరుక్కుందా సార్?"

"లేదండీ. మొత్తం తీసేయాలి. వెల్డింగు షాపాయన్ని కూడా పిలవండి."

"అది తీస్తే బ్యాంకుకు తలుపుండదు సార్!"

"అందుకేనండీ. త్వరగా."

షట్టరు జారే పక్క చానళ్ళ బోల్టులు నేను విప్పాను. తుప్పు పట్టి ఒకటి రాలేదు, సుత్తితో కొట్టాను. ప్రతి దెబ్బకూ మేనేజరు గారు ఉలిక్కిపడ్డారు, అయినా పక్కనుంచి కదలలేదు. పైన చుట్టను వెల్డింగతను విప్పాడు. జనం నెట్టుకోవటం ఆపి తలలు పైకెత్తి చూశారు. ఆ ఇనప షట్టరును వరసలో ఉన్న మగవాళ్ళే భుజం పట్టి మోసుకొచ్చి నా షాపు గోడకు ఆనించారు. తరువాత అందరూ వెనక్కి తిరిగి చూశారు. బ్యాంకు నోరు తెరుచుకుని ఉంది. రోడ్డు మీద నిలబడితే లోపల గోడ మీది క్యాలెండరు దాకా కనిపిస్తోంది.

మేనేజరు గారు మెట్టు మీద నిలబడి ఏదో ఉపన్యాసం ఇస్తారనుకున్నాను. "భోజనానికి మూయమండీ. మూయటానికి ఏం లేదు" అని మాత్రం అన్నారు.

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకొకడు, "పారిపోయేవాడైతే తలుపు బిగించుకుంటాడు గానీ పీకించుకుంటాడంట్రా?" అన్నాడు. తొక్కిసలాట తగ్గింది, మళ్ళీ వరస అయింది. కొందరు పుస్తకాలు సంచుల్లో పెట్టేసుకుని నీడలో కూర్చున్నారు.

ఆ రోజు ఆయనకు అంత తెగువ ఎలా వచ్చిందో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. రిటైరయ్యాక ఒకసారి నా షాపులో స్టూలు మీద కూర్చున్నప్పుడు అడిగాను. "జనానికి ధైర్యం చెప్పటానికి భలే ఎత్తు వేశారు సార్."

"జనం కోసం కాదండీ" అన్నారు. "అది నా కోసం. ఆ షట్టరు ఉంటే ఇంకో గడియలో నేనే దించేసేవాణ్ణి. దించి, లోపల కూర్చునేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు కదండీ."

ధైర్యం గురించి నేను చాలా పొట్లాల కాగితాలు చదివాను. ఇలాంటిది ఏ కాగితంలోనూ రాయలేదు. తనకు దాక్కోవటానికి చోటు లేకుండా చేసుకోవటం కూడా ఒక రకం ధైర్యమని అందులో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రమైంది. కౌంటరు మూశారు. పెట్టెలో అడుగున కొద్దిగా మిగిలిందని గుమాస్తా సైగ చేశాడు. అంటే ఆ పూటకు గట్టెక్కాం. అప్పుడు కొత్త భయం పట్టుకుంది. డబ్బు తీసుకున్నవాళ్ళలో సగంమంది ఇంకా అక్కడే తచ్చాడుతున్నారు, చీకట్లో ఆ డబ్బుతో ఊరికి పోవటానికి కాళ్ళు రాక. రెడ్డిగూడెం అక్క లేచి మూట తీసుకెళ్ళి మేనేజరు గారి ముందు పెట్టింది.

"ఇది మళ్ళీ లోపల పెట్టుకో బాబూ."

ఆయన కంగారుపడ్డారు. "టైమైపోయిందమ్మా. లెక్క కట్టేశాం. ఇప్పుడు పుచ్చుకుంటే రూలు కాదు."

"పొద్దున ఇయ్యనంటావేమోనని వణికి చచ్చాను. ఇప్పుడు పుచ్చుకోనంటావా? ఏం మనిషివయ్యా నువ్వు!"

అంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "రూలు రూలేనమ్మా. రేపు పొద్దున తీసుకుంటాం" అని చేతులు జోడించారు. ఆవిడ మూటతో సహా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "అయితే నేనూ ఈడనే. తలుపు నేనే అనుకో" అంది. ఆవిడను చూసి ఇంకొందరు కూర్చున్నారు. లోపల డబ్బున్నవాడు లోపలి డబ్బు కోసం, బయటికి తీసుకున్నవాడు ఒళ్ళోని డబ్బు కోసం. నేనూ షాపు కట్టేసి గోనెసంచి ఒకటి తెచ్చుకుని వాళ్ళ పక్కన చేరాను. ఆ రాత్రి ఎలా గడిచిందో అడక్కండి. కుక్క మొరిగితే అందరం లేచి కూర్చున్నాం.

మేనేజరు గారు మా మధ్యనే మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ప్రతి చప్పుడుకూ మెడ తిప్పుతూ, జేబులో తాళంచెవిని తడుముకుంటూ. ఆ తాళంచెవికి అప్పుడు తాళమూ లేదు, తలుపూ లేదు. తెల్లారుతోందనగా ఆ మెడ నెమ్మదిగా వాలింది. కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు.

తల రాతి మెట్టుకు తగలబోతుంటే రెడ్డిగూడెం అక్క ముందుకు వంగి, ఒళ్ళోని మూట తీసి ఆయన తల కింద పెట్టింది. ఆవిడ శ్లాబు డబ్బంతా అందులోనే ఉంది. నిన్నటి నుంచి సొంత ముఠాలోని ఆడవాళ్ళను కూడా ఆ మూట తాకనివ్వలేదు. పెట్టి, పాసుబుక్కుతో ఆయన మొహం మీది ఈగలు తోలుతూ కూర్చుంది.

వెలుతురు వచ్చాక రోడ్డు చివర విజయవాడ వ్యాను కనిపించింది. అందరం లేచాం. డ్రైవరు జనాన్ని చూసి దారి కోసం హారను మీద చెయ్యి వేయబోయాడు. రెడ్డిగూడెం అక్క కూర్చున్నచోటు నుంచే పెదాల మీద వేలు పెట్టి, అతని వంక చూసి తల అడ్డంగా ఊపింది.